పాత సామానుతో గిటార్ ఆంప్: ఫోన్ పెడితే మోత, గిటార్ పెడితే మూలుగు

#1 కొత్తచెయ్యి
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు, తప్పులుంటే సర్దుకోండి. (ఈ పోస్టుకి మొదట వేరే శీర్షిక పెట్టాను. కథ మలుపు తిరిగాక శీర్షిక మార్చాను.)

మూడు నెలల కింద ఒక ఎలక్ట్రిక్ గిటార్ చేతికొచ్చింది. ఆంప్ (శబ్దాన్ని పెంచే పెట్టె) లేదు. గిటార్ ఒంటికి గడ్డం ఆనించి వాయిస్తే పళ్లలోంచి వినపడుతోంది, అదే నా ఆంప్. అటక మీద పాత సామాను బోలెడుంది. ఒక డబ్బా టీవీ (ఆన్ అవుతుంది, బొమ్మ రాదు), ఉలుకూ పలుకూ లేని 2.1 (ఒక వూఫర్, రెండు చిన్న స్పీకర్లు) కంప్యూటర్ స్పీకర్ల సెట్టు, బాగానే పని చేస్తున్న 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్, ఇంకా ఎక్కడివో తెలియని బోర్డులు. సోల్డరింగ్ నేర్చుకుని రెండు నెలలైంది. మల్టీమీటర్ ఉంది.

నా ప్లాను: టీవీలో ఆడియో సెక్షనూ స్పీకరూ ఎలాగూ ఉన్నాయి కదా, దాన్నే ఆంప్‌గా మార్చేద్దామని. ఎన్ని వాట్లు వస్తాయంటారు? గట్టిగా మోగాలి.

#2 షార్ట్‌సర్క్యూట్
వాట్ల సంగతి తర్వాత. టీవీ వెనక మూత తీశావా?

#3 కొత్తచెయ్యి
నాలుగు స్క్రూలు తీశాను. ఇంకో రెండున్నాయి.

#4 పాతరేడియో
ఆ నాలుగూ మళ్లీ బిగించెయ్ బాబూ. బిగించాక మిగతాది చదువు.

పిక్చర్ ట్యూబు పక్కన రబ్బరు టోపీ లాంటిది ఒకటి ఉంటుంది. రంగుల టీవీ అయితే దాని కింద 20 వేల వోల్టులకు పైనే. ఆ ట్యూబు గాజే కెపాసిటర్‌లా పని చేస్తుంది కాబట్టి ప్లగ్గు పీకేసినా ఛార్జి దాచుకుంటుంది. అది కాక పవర్ సెక్షన్‌లో లావుపాటి కెపాసిటర్ ఉంటుంది. 230 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే 325 వోల్టుల దాకా డీసీ అవుతుంది, అదంతా దాని కడుపులోనే.

వీటికంటే నిన్ను భయపెట్టాల్సింది ఇంకోటుంది. మెయిన్స్ వైపు బోర్డులో గ్రౌండ్ అని కనిపించేది మనం అనుకునే గ్రౌండ్ కాదు. కరెంటు తీగకీ దానికీ మధ్య డయోడ్లు తప్ప అడ్డేమీ ఉండదు. గిటార్ తీగలేమో బ్రిడ్జి (తీగలు ఆనే లోహపు ముక్క) ద్వారా ఆంప్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. అంటే నీ పది వేళ్లూ సర్క్యూట్‌లో భాగమే. ఆ బోర్డులో ఏది ఏ వైపుదో తెలియకుండా జాక్ కలిపితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి టీవీలో చెయ్యి పెట్టాను. తగిలింది చిన్న షాకే. కానీ చెయ్యి వెనక్కి లాక్కున్న ఊపుకి మోచెయ్యి తగిలి ట్యూబు మెడ పుటుక్కున విరిగింది, బుస్సుమని గాలి లోపలికి పోయింది. గురువుగారు తిట్టలేదు. నా రెండు చేతులూ పట్టుకుని వేళ్లు లెక్కపెట్టుకున్నాడు.

2.1 సెట్టు విప్పు. ప్లగ్గు పీకి కాసేపాగి. లోపల ఉన్నది బరువైన ఇనప ట్రాన్స్‌ఫార్మర్ అయితే దాని సెకండరీ (బయటికి కరెంటు ఇచ్చే చుట్ట) తర్వాతదంతా తక్కువ వోల్టేజీయే. ఐసీల (నల్లటి చిప్పుల) మీద ఏం రాసుందో ఇక్కడ పెట్టు.

#5 కొత్తచెయ్యి
బిగించేశాను సార్. ఒక స్క్రూ పోయింది కానీ వెతకను.

2.1 సెట్టు విప్పాను. ట్రాన్స్‌ఫార్మరే పోయినట్టుంది, ప్రైమరీ (మెయిన్స్ కరెంటు వచ్చే) వైపు మీటర్ ఏమీ చూపించట్లేదు. అల్యూమినియం రేకుకి వరసగా ఐదేసి కాళ్ల ఐసీలు మూడు, మూడింటి మీదా టీడీఏ2030ఏ అని ఉంది. ఒక్కోదాని కింద ఉల్లిపొర లాంటి పారదర్శక రేకు. ఒక ఎనిమిది కాళ్ల ఐసీ, 4558. రెండు పెద్ద కెపాసిటర్లు, 4700 మైక్రోఫారడ్ 25 వోల్టులు, తలలు ఉబ్బలేదు. చెక్క పెట్టెలో 5 అంగుళాల వూఫర్, రెండు 3 అంగుళాల బుల్లి స్పీకర్లు. అన్నిటి మీదా 4 ఓం అని ఉంది, మీటర్‌లో మాత్రం 3.5. పాడయ్యాయంటారా?

#6 షార్ట్‌సర్క్యూట్
ట్రాన్స్‌ఫార్మర్ టేపు విప్పితే లోపల థర్మల్ ఫ్యూజ్ ఉంటుంది. పోయింది అదే. తీగతో దాటించెయ్, సెట్టు మొత్తం లేచి కూర్చుంటుంది.

#7 పాతరేడియో
వద్దు. ఆ ఫ్యూజ్ ఊరికే పోదు, లోపల కాలితేనే పోతుంది. దాటించేస్తే ఈసారి ఫ్యూజ్ బదులు ఇల్లు కాలుతుంది. షార్ట్‌సర్క్యూట్, నీ పేరు నిలబెట్టుకుంటున్నావు.

#8 షార్ట్‌సర్క్యూట్
ఒప్పుకున్నా. నేను చేసి బతికాను కాబట్టి చెప్పాను, అది సలహా కాదులే.

#9 ఓంకారం
పెట్టెలో బంగారం దొరికింది, ట్రాన్స్‌ఫార్మర్ పోతే పోనీ.

స్పీకర్లు బాగానే ఉన్నాయి. మీటర్ కొలిచేది కాయిల్ తీగ డీసీ రెసిస్టెన్స్ మాత్రమే. ఇంపీడెన్స్ (పాట మోగేటప్పుడు ఉండే మొత్తం అడ్డు) అంతకంటే ఎక్కువే ఉంటుంది. 4 ఓం స్పీకర్ 3.5 చూపిస్తే అది ఆరోగ్యం.

ఆ ఉల్లిపొర అభ్రకం. టీడీఏ2030 వెనక రేకు లోపల 3వ కాలుకి, అంటే మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. పాత సెట్టులో ప్లస్-మైనస్ రెండు సప్లైలు ఉన్నాయి కాబట్టి హీట్‌సింకుకి మైనస్ తగలకుండా అభ్రకం పెట్టారు. నువ్వు ల్యాప్‌టాప్ ఛార్జర్‌తో ఒంటి సప్లై మీద నడిపితే 3వ కాలు గ్రౌండే అవుతుంది. అభ్రకం ఉన్నా లేకపోయినా గొడవ లేదు. వేడి పేస్టు మాత్రం మళ్లీ రాయి, పాతది సున్నంలా ఎండిపోయి ఉంటుంది.

ఒక ఐసీ చాలు. 1వ కాలు ఇన్‌పుట్, 2 ఫీడ్‌బ్యాక్, 4 అవుట్‌పుట్, 5 ప్లస్. ఒంటి సప్లైలో చేయాల్సిన మార్పు ఒక్కటే: 1వ కాలుని సగం వోల్టేజీ దగ్గర కూర్చోబెట్టడం. రెండు 100 కె (కిలో ఓం) రెసిస్టర్లతో 19 వోల్టుల్ని సగం చెయ్, ఆ మధ్య బిందువు నుంచి గ్రౌండ్‌కి 22 మైక్రో కెపాసిటర్ పెట్టు, అక్కణ్నుంచి ఇంకో 100 కె ద్వారా 1వ కాలుకి. సిగ్నల్ వచ్చే దారిలో 1 మైక్రో. ఫీడ్‌బ్యాక్‌లో బోర్డు మీద ఉన్న 22 కె, 680 ఓం జోడీనే వాడు, గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో అది) సుమారు 33 వస్తుంది. 680 కింద ఉన్న కెపాసిటర్ ప్లస్ కాలు ఇప్పుడు ఐసీ వైపు ఉండాలి. గెయిన్ ఎక్కువైందని ఆ విలువలు మార్చి తగ్గించకు. 24 డెసిబెల్స్ (దాదాపు 16 రెట్లు) కంటే కిందికి దిగితే ఈ ఐసీ తనంతట తానే ఊగిసలాడుతుంది, చెవికి వినపడదు కానీ చిప్పు మాత్రం సలసలా కాగుతుంది. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి వరసలో ఉన్న 1 ఓం, 0.22 మైక్రో కూడా అందుకే, వాటిని పీకేయకు.

4వ కాలు దగ్గర ఎప్పుడూ తొమ్మిదిన్నర వోల్టులు ఉంటాయి, కాబట్టి స్పీకర్‌ని నేరుగా కలపకూడదు. మధ్యలో ఆ 4700 ఒకటి పెట్టు, ప్లస్ ఐసీ వైపు. ఇంకోటి సప్లై మీద, దాని పక్కనే ఐసీ కాళ్లకు ఆనించి ఒక 0.1 మైక్రో.

స్పీకర్ కలపక ముందే ఛార్జర్ పెట్టి 4వ కాలు దగ్గర కొలువు. తొమ్మిదిన్నరకి అటూఇటూ ఉంటేనే ముందుకెళ్లు.

#10 కొత్తచెయ్యి
ఓంకారం అన్నా, మీరు రాసింది ప్రింటు తీసి గోడకి అంటించాను. ఒక్క డౌటు. ఇలా ఎన్ని వాట్లు?

#11 ఓంకారం
అన్న కాదు, అక్క.

19 వోల్టుల్లో ఐసీ తన కోసం కొంత మింగుతుంది. పైకీ కిందికీ ఏడేసి వోల్టులు ఊగుతుందనుకో. ఏడేళ్లు నలభై తొమ్మిది, దాన్ని 4 ఓంల రెట్టింపుతో భాగిస్తే ఆరు వాట్లు.

#12 కొత్తచెయ్యి
సారీ అక్కా. ఆరేనా 😞

#13 తీగలగోల
బ్రో, ఆరు వాట్లంటే గదిలో తలుపు వేసుకోవాల్సిన మోత. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. పెట్టె మీద వాట్ల సంఖ్య చూసి కొనేవాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పరు.

నన్నడిగితే ఆ బుల్లి స్పీకర్లు పక్కన పెట్టి వూఫర్‌తో మొదలుపెట్టు. గిటార్ కోసం చేసిన స్పీకర్లు 5 కిలోహెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తాయి, గిటార్‌కి ఆ మూసుకుపోవడమే అందం. పాటలు వినే స్పీకర్‌లో డిస్టార్షన్ వాయిస్తే డబ్బాలో కందిరీగను పెట్టి ఊపినట్టుంటుంది. వూఫర్ ఎలాగూ పైస్థాయి పలకదు. అడుగు తీగ, అదే లావు తీగ 82 హెర్ట్జ్, దానికి అదొక లెక్కే కాదు.

#14 షార్ట్‌సర్క్యూట్
ఇంత తంటా ఎందుకు? రెడీమేడ్ క్లాస్-డీ ఆంప్ మాడ్యూలు తెచ్చి అతికించుకుంటే పావుగంటలో పని అయిపోతుంది.

#15 పాతరేడియో
అవుతుంది. పావుగంట తర్వాత మోగకపోతే ఎక్కడ చూడాలో తెలియదు, అంతే తేడా.

#16 కొత్తచెయ్యి
పది రోజులు పట్టింది. ఐసీ ఊడదీస్తుంటే ఒకదాని కాలు విరిగింది, రెండోది దక్కింది. 4వ కాలు దగ్గర 9.4 వోల్టులు! స్పీకర్ కలిపాను, "టుప్" అంది. బతికే ఉంది.

కానీ గిటార్ పెడితే నీరసంగా ఉంది. నిజంగానే మూలుగుతోంది. వాల్యూమ్ మొత్తం తిప్పినా దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది, సన్న తీగలైతే అసలు పలకట్లేదు. జాక్ నుంచి నేరుగా 10 కె వాల్యూమ్ పాట్‌కి, అక్కణ్నుంచి 1 మైక్రో ద్వారా ఐసీకి ఇచ్చాను. పాట్ (వాల్యూమ్ తిప్పే రెసిస్టర్) పాత బోర్డుదే.

#17 షార్ట్‌సర్క్యూట్
చెప్పానా, వాట్లు చాలవని. ఇంకో ఐసీ కలిపి బ్రిడ్జి చెయ్, రెండూ కలిసి ఒకే స్పీకర్‌ని తోస్తాయి.

#18 కొత్తచెయ్యి
దానికి 19 వోల్టులు చాలవేమో? 24 వోల్టుల అడాప్టర్ వెతకమంటారా?

#19 ఓంకారం
ఆగు తమ్ముడూ. ఏమీ వెతకొద్దు. అదే జాక్‌లో ఫోన్ పెట్టి ఏదైనా పాట వెయ్యి, ఎలా ఉందో చెప్పు.

#20 కొత్తచెయ్యి
అక్కా!! సగం తిప్పేసరికి కిటికీ రేకు అదురుతోంది. క్లియర్‌గా కూడా ఉంది. మరి గిటార్‌కేం వచ్చింది? గిటారే పాడైందా?

#21 ఓంకారం
గిటారూ బాగుంది, ఆంపూ బాగుంది. ఇద్దరికీ పొసగట్లేదు, అంతే.

ఫోన్ లోపల చిన్న ఆంప్ ఉంది, ఎంత బరువు తగిలించినా ఈడుస్తుంది. గిటార్ పికప్ అలా కాదు. అయస్కాంతం చుట్టూ వేల చుట్లు తిప్పిన వెంట్రుకంత తీగ. జాక్ దగ్గర మీటర్ పెడితే 6 నుంచి 8 కిలో ఓంలు చూపిస్తుంది. దాని మీద నువ్వు 10 కె పాట్ బరువు వేశావు. సిగ్నల్ దగ్గర దగ్గర సగం పికప్ తీగలోనే ఖర్చైపోతోంది.

అది సగం కథ. అంతేసి చుట్లున్నాయి కాబట్టి పికప్‌కి ఇండక్టెన్స్ కూడా ఉంటుంది, రెండు మూడు హెన్రీలు మామూలు. కాయిల్ పైస్థాయిని అడ్డుకుంటుందని చదివే ఉంటావు. లెక్క వేద్దాం: పికప్ 7 కె, పాట్ 10 కె, మొత్తం 17 కె. దాన్ని 2π తోనూ 3 హెన్రీలతోనూ భాగిస్తే 900 హెర్ట్జ్. అంటే 900 దాటినప్పటి నుంచి నీ గిటార్ గొంతు నొక్కేస్తున్నావు. తళుక్కుమనేదంతా ఆ పైనే ఉంటుంది. దుప్పటి అన్నావు చూడు, దుప్పటి ఇదే.

10 కె స్థానంలో 1 మెగ్ ఓం ఉంటే ఈ లెక్క వినపడే హద్దు దాటి ఎక్కడికో పోతుంది. అప్పుడు పైస్థాయిని తేల్చేది పికప్పూ కేబుల్ కెపాసిటెన్సూ, అది గిటార్ సహజ స్వరం. చాలా గిటార్ ఆంప్‌లకి 1 మెగ్ ఇన్‌పుట్ ఎందుకుంటుందంటే ఇందుకే.

#22 కొత్తచెయ్యి
అయితే 10 కె పాట్ తీసేసి 1 మెగ్ పాట్ పెట్టేస్తే సరా?

#23 ఓంకారం
సరిపోదు. పాట్ వెనకాల ఐసీ 1వ కాలుకి 100 కె కట్టాం కదా, ఆ బరువు ఉండనే ఉంటుంది. పైగా పికప్ ఇచ్చేది ఏ 100, 200 మిల్లీవోల్టులో. మధ్యలో ఒక మనిషి కావాలి.

ఆ మనిషి నీ పెట్టెలోనే ఉన్నాడు: 4558. గిటార్ పెడల్స్‌లో దశాబ్దాలుగా నలుగుతున్న ఆప్‌ఆంప్ (చిన్న సిగ్నల్‌ని పెంచే) ఐసీయే. ఎనిమిది కాళ్లలో 8 ప్లస్, 4 గ్రౌండ్. రెండు 10 కెలతో సగం వోల్టేజీ, 47 మైక్రోతో దాన్ని గట్టి చెయ్. జాక్ నుంచి 22 నానో ద్వారా 3వ కాలుకి. 3వ కాలు నుంచి సగం వోల్టేజీకి 1 మెగ్, ఇదే నీ దుప్పటి తీసేది. 1కీ 2కీ మధ్య 100 కె, 2 నుంచి గ్రౌండ్‌కి 10 కె, దాని వరసలో 1 మైక్రో. గెయిన్ 11. 1వ కాలు నుంచి 1 మైక్రో ద్వారా నీ 10 కె పాట్‌కి. ఇప్పుడు పాట్ 10 కె అయినా ఫర్వాలేదు, దాని ముందున్నది పికప్ కాదు, ఆప్‌ఆంప్.

రెండో సగాన్ని గాలికొదిలేయకు. 6నీ 7నీ కలిపి, 5ని సగం వోల్టేజీకి కట్టెయ్.

#24 కొత్తచెయ్యి
పలికింది!!! మొదటి స్ట్రమ్‌కి నేనే భయపడ్డాను. ఇది నా గిటారేనా అనిపించింది.

ఒక్క చిక్కు. వాల్యూమ్ ముప్పావు దాటితే "టప్ టప్ టప్ టప్" అని పడవ ఇంజన్‌లా కొట్టుకుంటోంది. వాయించకపోయినా.

#25 పాతరేడియో
దాన్ని మేమూ పడవ మోత అనే అంటాం. స్పీకర్ మైనస్ తీగ ఎక్కడ కలిపావు?

#26 కొత్తచెయ్యి
4558 గ్రౌండ్ దగ్గర. అక్కడ చోటుంటే అక్కడే అతికించాను. అక్కణ్నుంచి సన్న తీగ ఒకటి ఛార్జర్ మైనస్‌కి.

#27 పాతరేడియో
అదీ సంగతి. స్పీకర్‌లో ఆంపియర్ పైన ప్రవహించే కరెంటంతా ఆ వెంట్రుక తీగలోంచి వెనక్కి పోతోంది. తీగకీ ఎంతో కొంత రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి ప్రతి దెబ్బకీ 4558 గ్రౌండ్ కాస్త పైకి లేస్తోంది. 4558 దాన్ని గిటార్ అనుకుని పెంచి మళ్లీ స్పీకర్‌కే పంపుతోంది. తన తోక తానే కొరుక్కునే కుక్క.

స్పీకర్ మైనస్, టీడీఏ 3వ కాలు, 4558 గ్రౌండ్, మూడూ వేరువేరు తీగలతో సప్లై కెపాసిటర్ మైనస్ కాలు దగ్గరికి తీసుకురా. అక్కడ ఒక్కచోటే కలవాలి. 4558 ప్లస్‌కి వెళ్లే దారిలో 100 ఓం రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 220 మైక్రో కూడా పెట్టు. పెద్ద ఐసీ సప్లైని గుంజినప్పుడు చిన్నదానికి ఆ కుదుపు తగలదు.

#28 కొత్తచెయ్యి
గ్రౌండ్ తీగలు మార్చగానే పోయింది సార్. 100 ఓం పెట్టకముందే పోయింది, అయినా పెట్టాను.

ఇంకో రెండు. తీగల మీంచి చెయ్యి తీస్తే బుయ్ మంటుంది, పెడితే తగ్గుతుంది. రాత్రిపూట అయితే ఎవరో సన్నగా మాట్లాడుతున్నారు. నవ్వకండి, నిజం. నిన్న వార్తలు చదివారు.

#29 షార్ట్‌సర్క్యూట్
అభినందనలు. గిటార్ ఆంప్ మొదలుపెట్టి రేడియో కనిపెట్టావు 😂

#30 తీగలగోల
చెయ్యి తీస్తే బుయ్ మనడం కొంతవరకు అన్ని గిటార్లకూ ఉన్నదే. నీ ఒళ్లు చుట్టుపక్కల కరెంటు వైర్ల రొదని పట్టే యాంటెన్నా. తీగ ముట్టుకుంటే నువ్వు గ్రౌండవుతావు, రొద తగ్గుతుంది. ఇంతకీ సర్క్యూట్ దేంట్లో పెట్టావు?

#31 కొత్తచెయ్యి
ప్లాస్టిక్ డబ్బా.

#32 ఓంకారం
రేకు డబ్బాలోకి మార్చు, డబ్బాని గ్రౌండ్‌కి ఒక్కచోట కలుపు. రేడియో సంగతికి జాక్ కాళ్ల దగ్గరే ఒక 10 కె వరసలో, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 పికోఫారడ్. ఈ జోడీ కోత 160 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మీడియం వేవ్ రేడియో 500 పైన కాబట్టి అది ఆగిపోతుంది, గిటార్‌కి తెలియనే తెలియదు. 100 పికో బదులు డబ్బాలో దొరికిందని పెద్దది వేయకు, దుప్పటి మళ్లీ కప్పుకుంటావు.

#33 కొత్తచెయ్యి
బిస్కెట్ల రేకు డబ్బాలోకి మార్చాను. వార్తలు ఆగిపోయాయి. బుయ్ కూడా చెవి దగ్గర పెడితే తప్ప లేదు. గంట వాయించాక హీట్‌సింకు మీద వేలు పెట్టి పది లెక్కపెట్టగలుగుతున్నాను. గెయిన్ 11 కాస్త ఎక్కువే అనుకుంటా, గట్టిగా మీటితే గొంతు బొంగురుపోతోంది. అది మాత్రం బాగుచేయకండి, నాకు నచ్చింది.

#34 తీగలగోల
దాని కోసమే జనం పెడల్స్ కొంటారు బ్రో.

#35 పాతరేడియో
అంతా బాగుంది. ఆ టీవీ ఏం చేశావు?

#36 కొత్తచెయ్యి
ముట్టుకోలేదు సార్. ఆంప్ దాని మీదే పెట్టాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది.